సహాధ్యాయుల సమ్మేళనం

పాఠ్యభాగ నేపథ్యం

కలిసి చదువుకొన్నవారు ఏళ్ళు గడిచిన తరువాత తిరిగి ఒకచోట చేరడం నేడు పల్లెల్లోనూ, పట్టణాల్లోనూ ఒక వేడుకగా మారింది. పైకి ఇది రెండు మూడు రోజుల సంబరంగా కనిపిస్తుంది. దీని వెనుక తెలంగాణ విద్యాచరిత్ర దాగి ఉంది. దక్షిణ తెలంగాణ పల్లెల నుండి వచ్చిన విద్యార్థులకు హైదరాబాదు నగరం ఒకప్పుడు ఎలా ఆశ్రయమిచ్చిందో, ఆ ఆతిథ్యం పొందినవారు తాము ఆతిథేయులైనప్పుడు పాటించవలసిన ధర్మమేమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

కలిసి చదువుకొన్న ఇద్దరు మిత్రులు చాలాకాలం తరువాత కలుసుకొంటే ఏమవుతుంది? మన పురాణేతిహాసాలు ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పాయి.

ద్రోణుడు, ద్రుపదుడు ఒకే గురువు దగ్గర విద్య నేర్చారు. చదువుకొనే రోజుల్లో ద్రుపదుడు తనకు రాజ్యం వచ్చినప్పుడు ఆ భోగభాగ్యాలను మిత్రునితో పంచుకొంటానని మాట ఇచ్చాడు. కాలం గడిచింది. ద్రుపదుడు పాంచాల రాజయ్యాడు. కన్నకొడుకుకు పాలు కూడా పోయలేని పేదరికంలో ఉన్న ద్రోణుడు ఆ పాత మాటను నమ్ముకొని రాజసభకు వెళ్ళాడు. సమానులకే గాని రాజుకూ పేదకూ స్నేహం ఎక్కడిదని ద్రుపదుడు అతణ్ణి అవమానించాడు. నిండుసభలో అన్న ఆ ఒక్క మాట వంశాలను దహించే పగగా మారి కురుక్షేత్రం దాకా నడిచింది.

శ్రీకృష్ణుడు, కుచేలుడు కూడా సహాధ్యాయులే. చిరిగిన ఉత్తరీయపు కొంగున గుప్పెడు అటుకులు కట్టుకొని కుచేలుడు ద్వారకకు వెళ్ళాడు. కృష్ణుడు ఎదురువెళ్ళి, కౌగిలించుకొని, తన పాన్పుపై కూర్చోబెట్టి, కాళ్ళు కడిగాడు. ఆ తరువాత ఆయన మాట్లాడినది రాజ్యాల గురించి కాదు. గురుపత్ని పంపగా ఇద్దరూ కట్టెలకోసం అడవికి వెళ్ళిన రోజును, హఠాత్తుగా కురిసిన కుండపోత వర్షాన్ని, దారితప్పి చేయీ చేయీ పట్టుకొని గడిపిన రాత్రిని గుర్తుచేశాడు. కుచేలుడు ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరాన్ని కృష్ణుడు రానివ్వలేదు.

రెండు కథల్లోనూ వచ్చినవాడు పేదవాడు, ఇంటివాడు రాజు. రెండు చోట్లా చిన్ననాటి చదువే వారిని కలిపింది. ఇంటివాని మనసునుబట్టి ఒక కథ యుద్ధంతో ముగిసింది, మరొకటి నేటికీ స్నేహానికి ఉపమానంగా నిలిచింది. సహాధ్యాయుల సమ్మేళనం నిర్వహించడానికి పూనుకొనే ప్రతివారూ ఈ రెండు వాకిళ్ళలో దేనిని తెరవాలో ముందుగా నిర్ణయించుకోవాలి.

విద్యార్థులు తమలో తాము సంఘంగా ఏర్పడి, చదువు ముగిసిన తరువాత కూడా ఆ బంధాన్ని నిలుపుకోవడం ప్రపంచమంతటా ఉన్న ఆచారమే. అమెరికాలోని విలియమ్స్‌బర్గ్ నగరంలో 1776 డిసెంబరు 5న విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు కొందరు ‘ఫై బీటా కప్పా’ అనే సంఘాన్ని స్థాపించారు. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకొనే విద్యార్థి సోదరసంఘాలకు అది తొలిరూపం. ఆ దేశంలో ఇటువంటి సంఘాల పూర్వసభ్యులు కుటుంబాలతోసహా ఏదో ఒక ప్రాచీన నగరంలో కలుసుకొని వారాంతం గడపడం నేటికీ ఉంది. ఆ నగరంలో నివసించే సభ్యులే మిగిలినవారికి ఆతిథేయులవుతారు.

తెలుగునాట సోదరసంఘం చేయవలసిన పనిని ఎక్కువగా విద్యార్థి వసతిగృహమే చేసింది. ఒకే గదిలో పడుకొని, ఒకే మెస్సులో తిని, ఒకే దీపం కింద చదివిన పిల్లలు అన్నదమ్ములయ్యారు. తెలంగాణలో ఆ బంధం ఎంత బలమైనదో తెలియాలంటే నూరేళ్ళ వెనుకటి హైదరాబాదు సంస్థానాన్ని తలచుకోవాలి.

ఆ రోజుల్లో పెద్ద చదువు కావాలంటే రాజధానికి రావలసిందే. నిజాం కళాశాల 1887లో ఏర్పడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు 1917లో ఫర్మానా వెలువడింది. అక్కడ బోధనాభాష ఉర్దూ. ఇంట్లో తెలుగు, పాఠశాలలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, బజారులో రెండూ కలిసిన భాష. పాలమూరు, నల్లగొండ పల్లెల నుండి వచ్చిన పిల్లవాడికి నగరం ఒక పరదేశం వంటిది. అతనికి ముందుగా కావలసినవి తలదాచుకోవడానికి ఒక చోటు, తన మాట వినే ఒక మనిషి.

తెలుగు మాటకు ఆ నగరంలో ఎంత గౌరవముండేదో 1921 నవంబరులో జరిగిన ఒక సంఘటన చెబుతుంది. వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కరణ సభ జరుగుతున్నది. అందులో అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో ప్రసంగించడానికి లేచారు. సభలో కొందరు గోలచేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానాన్ని సహించలేని తెలుగువారు అదే రాత్రి సమావేశమై ఆంధ్రజనసంఘానికి బీజం వేశారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటివారు దానికి మూలస్తంభాలయ్యారు. తమ భాషలో మాట్లాడే నలుగురు ఒకచోట కూర్చోవడమే ఆనాడు ఒక ఉద్యమం.

అంతకు ముందే కొందరు దూరదృష్టితో ఇటువంటి చోట్లను కల్పించారు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు పుస్తకానికి నగరంలో ఒక ఇల్లు కట్టింది. 1918లో రాజాబహదూర్ వెంకటరామారెడ్డి కృషితో రెడ్డి హాస్టల్ ఏర్పడింది. పాలమూరు జిల్లాలో పుట్టి, 1920 నుండి 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా పనిచేసిన ఆయన, పల్లెల పిల్లలు వసతిలేక చదువుమానుకోకూడదని తలచారు. ఆ వసతిగృహ నిర్వహణ బాధ్యతను కొన్నేళ్ళు వహించిన సురవరం ప్రతాపరెడ్డి కూడా పాలమూరు బిడ్డే. అక్కడి గ్రంథాలయాన్ని పెంచి పోషించడంలో ఆయన పాత్ర గొప్పది. 1926లో ఆయన గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. ఊరూరా చెదిరి ఉన్నవారిని పేరు పేరునా వెదకి ఒకచోట కూర్చిన ఆ గ్రంథాన్ని కాగితంమీద జరిగిన మహాసమ్మేళనం అనవచ్చు.

వసతిగృహం కేవలం పడక, భోజనం ఇచ్చే చోటు కాదని 1938 నాటి వందేమాతర ఉద్యమం నిరూపించింది. ఉస్మానియా వసతిగృహాల విద్యార్థులు ప్రార్థనగా వందేమాతర గీతం పాడితే అధికారులు నిషేధించారు. లొంగని విద్యార్థులను బహిష్కరించారు. దిక్కులేని ఆ పిల్లలను నాగపూరు విశ్వవిద్యాలయం చేరదీసింది. ఆ బహిష్కృత విద్యార్థుల్లో పి.వి. నరసింహారావు ఒకరు. నాగపూరు విశ్వవిద్యాలయం నుండే ఆయన న్యాయశాస్త్ర పట్టా పొందారు. పరాయి నగరపు ఆతిథ్యం తిన్న ఆ విద్యార్థి ముప్ఫైమూడేళ్ళ తరువాత ముఖ్యమంత్రి అయ్యారు. 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాలను ప్రారంభించి, పేద పిల్లలకు చదువుతోపాటు తిండినీ, వసతినీ ప్రభుత్వమే కల్పించే ఏర్పాటు చేశారు. ఒకనాటి అతిథి ఆతిథేయి కావడమంటే ఇదే.

హైదరాబాదుకు దక్షిణాన, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు రహదారిమీద షాద్‌నగర్ ఉంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన ఈ పట్టణం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో రంగారెడ్డి జిల్లాలో చేరింది. పాత పేరు ఫరూఖ్‌నగర్ ఇప్పటికీ మండలం పేరుగా నిలిచింది. హైదరాబాదు సంస్థాన ప్రధానమంత్రి మహారాజా కిషన్‌పర్షాద్ ఉర్దూ, పారసీ కవి. ఆయన కలంపేరు ‘షాద్’. పట్టణానికి ఆ పేరే వచ్చిందని చెబుతారు. పారసీలో షాద్ అంటే సంతోషం. కవులను పిలిచి ఆదరించడంలో పేరుపొందిన ఆతిథేయి జ్ఞాపకం ఈ ఊరి పేరులోనే ఉందన్నమాట.

ఈ పట్టణానికి సమీపంలోనే బూర్గుల గ్రామం ఉంది. ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన రామకృష్ణారావు హైదరాబాదులో చదివి, పూనా ఫెర్గుసన్ కళాశాలలో పట్టా పుచ్చుకొని, బొంబాయిలో న్యాయశాస్త్రం అభ్యసించారు. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆయన తరువాత ఎన్ని తరాల పిల్లలు అదే దారిన ఉత్తరంగా సాగారో లెక్కలేదు. రేకు ట్రంకుపెట్టెలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పచ్చడి జాడీ పెట్టుకొని, మీటరుగేజి రైలెక్కి కాచిగూడ స్టేషనులో దిగిన పిల్లలు వారు. 1990వ దశకంలో ఆ మార్గం బ్రాడుగేజిగా మారింది. ట్రంకుపెట్టె పోయి చక్రాల పెట్టె వచ్చింది. మొదటిసారి నగరంలో దిగిన పిల్లవాడి గుండెదడ మాత్రం మారలేదు.

కాబట్టి షాద్‌నగర్ ప్రాంతం నుండి వెళ్ళి నగర వసతిగృహాల్లో చదివినవారు ఏటేటా కలుసుకోవాలని సంకల్పించినప్పుడు, ఆ సమ్మేళనానికి హైదరాబాదును వేదికగా ఎంచుకోవడం సహజం. అయితే అక్కడే మొదటి చిక్కు వస్తుంది. విదేశాల్లో ఉన్నవారు, ఉన్నత పదవుల్లో ఉన్నవారు ఖరీదైన విడిదిగృహాన్ని కోరుతారు. అది వారికి సౌకర్యం, గౌరవం. ఊళ్ళోనే ఉండి సేద్యం చేసుకొనేవారు, చదువు మధ్యలో ఆపి దుకాణం పెట్టుకొన్నవారు, ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్నవారు చందా ఎంతో విని వెనుకంజ వేస్తారు. “పని ఉంది, వచ్చే సంవత్సరం వస్తాను” అంటారు. ఆ మాటలోని అసలు కారణాన్ని గ్రహించని నిర్వాహకుడు తెలియకుండానే ద్రుపదుని వాకిలి తెరుస్తున్నాడు.

రెండవ చిక్కు పిలుపులదే. ఆహ్వానితుల జాబితా తయారుచేయడం నిర్వాహకుల మొదటి పని, కఠినమైన పని. పేరు పొందినవారి చిరునామా ఒక్కరోజులో దొరుకుతుంది. వార్షిక పరీక్ష తప్పి కళాశాల వదిలినవారి ఆచూకీకోసం వారి ఊరికి వెళ్ళాలి, పాత కిరాణా దుకాణంలో అడగాలి. విద్యార్థినుల విషయం మరీ కష్టం. ఇంటర్మీడియట్ చదువుతుండగానే పెళ్ళయి వెళ్ళిన అమ్మాయికి ఇంటిపేరు మారింది, ఊరు మారింది. హాజరుపట్టీలోని పేరుతో ఆమె అత్తవారింట ఎవరికీ తెలియకపోవచ్చు. పుట్టింటివారిని అడిగి, ఆమెతో మాట్లాడి, కుటుంబంతో సహా రమ్మని పిలవడం, రాత్రి ఉండలేనివారికి పగటిపూటే ముఖ్యకార్యక్రమం ఏర్పాటుచేయడం ఆతిథేయుల బాధ్యత.

ఈ సందర్భంలో చరిత్రలోని ఒక చేదునిజాన్ని కూడా మరువరాదు. ఆనాటి నగర వసతిగృహాలు అనేకం ఒక్కొక్క కులం పేరుతో వెలశాయి. అవి లేకపోతే వేలమందికి చదువు అందేది కాదు. అయినా, ఏ సంఘానికీ చెందక, ఏ గదిలోనూ చోటు దొరకక తిరిగిపోయిన పిల్లలు కూడా ఉన్నారు. అటువంటివారికోసం భాగ్యరెడ్డివర్మ 1910 నుండి నగరంలో ఆదిహిందూ పాఠశాలలను నెలకొల్పారు. బాలికలకు తెలుగులో చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో పాఠశాలను స్థాపించారు. రెడ్డి హాస్టల్‌లో ఉండి చదివిన రావి నారాయణరెడ్డి హరిజన సేవక సంఘంలో పనిచేశారు. తాను పొందిన నీడను గోడ అవతలివారికి కూడా అందించాలన్న తపన వీరిని నడిపించింది. నేటి సమ్మేళనం కూడా ఆ గోడలను మళ్ళీ కట్టకూడదు. ఒకే గది, ఒకే కులం, ఒకే హోదా అన్న లెక్కతో పిలుపులు పంపితే అది సమ్మేళనం కాదు, చుట్టరికమవుతుంది.

ఈ చిక్కులకు అనుభవజ్ఞులైన నిర్వాహకులు కొన్ని ఉపాయాలు పాటిస్తారు. చందాను అందరికీ ఒకే మొత్తంగా నిర్ణయించరు. ఎవరికి తోచినంత వారు మూసిన కవరులో వేస్తారు. ఎవరెంత ఇచ్చారో వేదికపై చదవరు. విడిదికి ఖరీదైన భవనం బదులు సాధారణమైన సత్రాన్నో, సెలవుల్లో ఖాళీగా ఉండే వసతిగృహాన్నో ఎంచుకొంటారు. అందరికీ ఒకే తరహా గదులు, ఒకే పంక్తిలో భోజనం. నగరంలో నివసించే సభ్యుల్లో ఒకరు స్టేషనులో, ఒకరు బస్టాండులో వేచి ఉంటారు. కారులో వచ్చేవారికి ఎదురువెళ్ళకపోయినా ఫరవాలేదు. బస్సుదిగి దిక్కులు చూసేవారికి ఎదురువెళ్ళడం తప్పనిసరి.

తేదీ నిర్ణయంలోనూ విచక్షణ కావాలి. నాట్లు, కోతల రోజుల్లో రైతులు కదలలేరు. పరీక్షల రోజుల్లో ఉపాధ్యాయులు రాలేరు. బతుకమ్మ, దసరా పండుగలు ముగిసి, దీపావళి ఇంకా రాని రోజులు ఈ ప్రాంతానికి అనువైనవి. షాద్‌నగర్‌కు దక్షిణాన ఉన్న బాలానగర్ సీతాఫలాలకు ప్రసిద్ధి. ఆ రోజుల్లో రహదారి పొడవునా గంపలు దిగుతాయి. ఊరినుండి వచ్చేవారు ఒక్కొక్కరు ఒక గంప తెస్తే చాలు. కుచేలుని అటుకుల మూటకు సరితూగే కానుక అది.

శుక్రవారం సాయంత్రానికి అందరూ చేరుకొంటారు. శనివారం తెల్లవారుజామున నగరయాత్ర. అబిడ్స్ నుండి చార్మినారు దాకా నాలుగైదు కిలోమీటర్ల నడక. దారిపొడవునా చదువుకు, ఆశ్రయానికి సంబంధించిన గుర్తులే కనిపిస్తాయి. మొదట నిజాం కళాశాల. తరువాత కోఠీలో, 19వ శతాబ్దారంభంలో బ్రిటిషు రెసిడెంటు కర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం. 1949లో మహిళా కళాశాల ఆ భవనానికి తరలివచ్చింది. పరాయి పాలకుల ప్రతినిధి ఏలిన చోట తెలుగు ఆడపిల్లలు చదువుకొన్నారు. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. దానికి సమీపంలో సుల్తాన్‌బజారులో భాషానిలయం ఉంది. అఫ్జల్‌గంజ్‌లో మూసీనది ఒడ్డున కేంద్ర గ్రంథాలయ భవనం ఉంది. బల్బు వెలుతురు లేని గదుల్లో ఉండే పేద విద్యార్థులు ఎందరో దాని బల్లలముందు కూర్చొని పోటీపరీక్షలకు చదివారు.

అక్కడికి దగ్గరలోనే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి మహావరద వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు. దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. ఎవరు హిందువో, ఎవరు ముస్లిమో, ఎవరు ధనికుడో, ఎవరు కూలివాడో ఆ చెట్టు అడగలేదు. ఆతిథ్యమంటే ఏమిటో చెప్పడానికి నగరంలో అంతకుమించిన ఉదాహరణ లేదు. యాత్ర అక్కడ కొంతసేపు ఆగడం ఉచితం. ఆ పైన నయాపూల్ దాటితే, 1591లో కట్టిన చార్మినారు. అక్కడ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో నడక ముగుస్తుంది.

మధ్యాహ్నం అసలు కార్యక్రమం. సాధారణంగా ఇటువంటి సభల్లో ప్రతివారూ లేచి తమ హోదా చెబుతారు. కలెక్టరు తరువాత మైకు అందుకొన్న కౌలురైతు గొంతు పెగలదు. అందుకే వివేకవంతులైన నిర్వాహకులు హోదాలను పక్కనపెట్టి పాత హాజరుపట్టీని తెరుస్తారు. బతికి ఉన్న గురువుల్లో వయోవృద్ధులైనవారు వరుససంఖ్యల ప్రకారం పిలుస్తారు. పిలిచినవారు లేచి “హాజరు సార్” అంటారు. తరువాత తాను ఏ గదిలో ఉండేవాడినో, ఎవరి పుస్తకం తీసుకొని చదివాడో, మెస్సు బకాయి ఎవరు కట్టారో చెబుతారు. కృష్ణుడు కుచేలునికి అడవిలోని వానరాత్రిని గుర్తుచేసినట్లే ఇదీను. కలిసి పడిన కష్టం దగ్గర అందరూ సమానులు.

ఆ పట్టీలో కొన్ని సంఖ్యలకు జవాబు రాదు. మరణించినవారి పేరు పిలిచినప్పుడు గది నిశ్శబ్దమవుతుంది. అప్పుడు వారి గదిలో ఉన్నవారు లేచి వారి గురించి రెండు మాటలు చెబుతారు. రాలేకపోయినవారి పేరు వచ్చినప్పుడు, ఆ వారంలోగా వారింటికి వెళ్ళివచ్చే బాధ్యతను ఒకరు స్వీకరిస్తారు. హాజరైనవారి లెక్కకంటే ఈ రెండవ లెక్క ముఖ్యమైనది. ఫీజు కట్టలేక ఆగిపోయినవారు, అప్పులపాలైనవారు, మంచానపడినవారు ఈ వెదకులాటలోనే బయటపడతారు. ఒక స్నేహితుడు తలుపు తట్టడంవల్ల నిలబడిన కుటుంబాలు ఉంటాయి.

ఆదివారం ప్రయాణం దక్షిణానికి. ఒకనాడు ట్రంకుపెట్టెలతో వచ్చిన దారినే అందరూ షాద్‌నగర్‌కు తిరిగి వెళతారు. ఈ పట్టణానికి ఇప్పుడు మరొక ప్రత్యేకత కూడా ఉంది. జాతీయ దూరసంవేదన సంస్థ భూకేంద్రం 1979 నుండి ఇక్కడ ఉపగ్రహాల సంకేతాలను అందుకొంటున్నది. సముద్రాలు, అడవులు, పంటచేల చిత్రాలు ఆకాశం నుండి వచ్చి ఈ నేలమీద దిగుతాయి. పరిశ్రమలు, నూతన కాలనీలు పెరిగి రాజధాని ఈ ఊరి పొలిమేరకు వచ్చినట్లే ఉంది. అయినా చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి ప్రభుత్వ వసతిగృహాల్లో ఉండి చదువుకొనే పిల్లలు నేటికీ ఉన్నారు. వారి కళ్ళలో ఆ వెనుకటి గుండెదడే ఉంది.

సమ్మేళనం ముగింపు ఆ పిల్లల నడుమ జరగడం సముచితం. సన్మానాలు, శాలువాలు, జ్ఞాపికలకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించినా, ఒక వసతిగృహ గ్రంథాలయానికి పుస్తకాల బీరువా వస్తుంది. నగరంలో సీటు వచ్చిన విద్యార్థికి మొదటినెల మెస్సు ఖర్చు చెల్లుతుంది. డబ్బుకంటే విలువైనది మరొకటి ఉంది. నగరంలో నివసించే సభ్యుడు ఒక్కొక్కరు, కొత్తగా కళాశాలలో చేరే ఒక్కొక్క విద్యార్థికి తన ఇంటి చిరునామా ఇచ్చి, “జ్వరం వచ్చినా, దిగులు పుట్టినా మా ఇంటికి రా” అని చెప్పగలిగితే చాలు. ఆ పిల్లవాడికి నగరం పరదేశం కాదు. ఆ ఒక్క మాట లేకనే ఎందరో మొదటి సంవత్సరంలోనే తిరుగురైలు ఎక్కారు.

అన్నం పెట్టిన ఇంటికి అన్నం తిరిగిపెట్టడం అన్నివేళలా సాధ్యం కాదు. ఆశ్రయమిచ్చిన పెద్దలు గతించారు. ఆనాటి వంటమనిషి లేడు, వార్డెను లేడు. తీర్చుకోవలసిన ఋణం మిగిలింది. దానిని తీర్చడానికి ఉన్న దారి, వెనుక వస్తున్నవారికి తలుపు తెరవడమే. ఒకనాడు కాచిగూడ స్టేషనులో బిక్కుబిక్కుమంటూ దిగిన పిల్లవాడు, అదే స్టేషనులో మరొక పిల్లవాడికి ఎదురువెళ్ళి చేతిలోని పెట్టె అందుకొన్న రోజున, సహాధ్యాయుల సమ్మేళనం సార్థకమవుతుంది.

పదాలు - అర్థాలు

సహాధ్యాయి : కలిసి చదువుకొన్నవాడు
ఆతిథేయి : అతిథిని ఆదరించేవాడు
ఉత్తరీయం : పైబట్ట
ఫర్మానా : రాజాజ్ఞ
కొత్వాలు : నగర రక్షకభటుల ముఖ్యాధికారి
కచేరీ : ప్రభుత్వ కార్యాలయం
విచక్షణ : మంచిచెడులు తెలిసి నడుచుకోవడం
విడిది : అతిథులు దిగే చోటు
సార్థకం : ప్రయోజనం నెరవేరినది

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులకు మించకుండా సమాధానాలు రాయండి.
1. తెలంగాణ విద్యార్థుల జీవితంలో వసతిగృహాల పాత్రను వివరించండి.
2. సమ్మేళన నిర్వాహకులకు ఎదురయ్యే చిక్కులేవి? వాటికి పాఠంలో సూచించిన ఉపాయాలేవి?

II. కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ద్రుపదుని ప్రవర్తనకూ, శ్రీకృష్ణుని ప్రవర్తనకూ గల భేదమేమిటి?
2. మూసీ వరదలో చింతచెట్టు అందించిన ఆశ్రయాన్ని తెలపండి.
3. షాద్‌నగర్ పేరులోని విశేషాన్ని వివరించండి.

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఒకనాటి అతిథి ఆతిథేయి కావడమంటే ఇదే.
2. కలిసి పడిన కష్టం దగ్గర అందరూ సమానులు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. రెడ్డి హాస్టల్ ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. ‘గోలకొండ కవుల సంచిక’లో ఎంతమంది కవులకు చోటు దక్కింది?
3. సర్వేల్ గురుకుల పాఠశాలను ప్రారంభించిన ముఖ్యమంత్రి ఎవరు?

V. సంధి విడదీసి, సంధి పేరు రాయండి.
1. సహాధ్యాయి 2. పురాణేతిహాసాలు 3. గ్రంథాలయం

VI. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
1. అన్నదమ్ములు 2. రెండు కథలు 3. మూసీనది